పైన ఎవరున్నారు?

"పైన ఎవరున్నారు మేడమ్?" అన్నాడు కంప్యూటరు తెర మీది పరీక్షల పర్యవేక్షకుడు.

ఆఖరి ప్రశ్నకు జవాబు గుర్తుపెట్టి, హమ్మయ్య అని వెనక్కి వాలబోయిన ఆమె మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"పైనా? మా అత్తగారు, మా బుడ్డోడు ఉన్నారు సార్. పరీక్ష గదిలో ఇంకెవరూ ఉండకూడదన్నారుగా. అందుకే పై గదిలోకి పంపించాను."

"పంపారు, బాగుంది. మీరు రాస్తున్నంతసేపూ పైనుంచి ఒకటే ధబ్ ధబ్. అది ఆగగానే మీరు తల పైకెత్తుతున్నారు. మళ్ళీ ధబ్‌మనగానే తల దించి జవాబు గుర్తుపెడుతున్నారు. ఒక దెబ్బయితే ఏ, రెండయితే బీ. ఇలాంటివి మేం చాలా చూశాం."

క్రైస్తవ పరిచర్యలో ఆమె చేస్తున్న పీజీకి ఇదే ఆఖరి పేపరు. పగలంతా ఆసుపత్రిలో రోగుల పక్కలు మార్చి, ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని పాఠాలు విన్నది. ఇది గట్టెక్కితే అదే ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చుని ధైర్యం చెప్పే పని, వాళ్ళ కోసం ప్రార్థన చేసే పని ఇస్తామన్నారు. కాపీ అని ఒక్క ముక్క రాశాడంటే అంతా నీళ్ళపాలు. అందులోనూ దేవుడి చదువులో దొంగతనమా? ఆ మాట పడి ఎవరి పక్కన కూర్చుంటుంది, ఎవరికి ధైర్యం చెబుతుంది?

"సార్, మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అంది చివరికి.

"దానికీ దీనికీ ఏంటండీ సంబంధం?"

"ఉంటే మీకే తెలుస్తుందని. వాడికి రెండేళ్ళు. గెంతుతున్నంతసేపూ నాకు నిశ్చింత. చప్పుడు ఆగిందంటేనే భయం సార్. ఏ స్విచ్చులో వేలు పెట్టాడో, ఏం మింగాడో అని పై ప్రాణాలు పైనే పోతాయి. మళ్ళీ ధబ్‌మంటే, ఉన్నాడు నా తండ్రి అనుకుని జవాబు రాసుకుంటాను."

"పెదవులు కూడా కదులుతున్నాయి మరి."

"ప్రార్థన సార్."

"కళ్ళు తెరుచుకునా?"

"మూసుకుంటే నిద్రపోతున్నానని మీ కంప్యూటరు గంట కొడుతోంది."

ఆయన నవ్వాపుకున్నట్టే కనిపించాడు గానీ వదల్లేదు. పాత వివరాలేవో చదివాడు. "పోయినసారి ఇదే పేపరు మధ్యలో లేచి వెళ్ళిపోయారట?"

"చప్పుడు ఆగిందని మెట్లెక్కి పరుగెత్తాను. తీరా చూస్తే వాడు మా ఆయన చెప్పులు బకెట్లో నానబెడుతున్నాడు. కుర్చీ ఖాళీగా కనిపించిందని పరీక్ష కొట్టేశారు. ఈసారీ పోతే ఇంక రాయనివ్వరట సార్."

"ఆ పెద్దావిడని పిలవండి. మీరు మాత్రం కుర్చీలోంచి లేవకండి."

"అత్తయ్యా, బుడ్డోణ్ణి తీసుకుని ఒకసారి కిందికి రండి" అని అక్కణ్ణుంచే కేకేసింది.

అత్తగారు కాస్త కుంటుతూ ఒక్కో మెట్టూ దిగివచ్చింది. భుజం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆవిడకు ఈ చదువంటే మొదటినుంచీ గిట్టదు. "అయిందా తల్లీ? ఉన్న ఉద్యోగం చాలనట్టు, పిల్లాణ్ణి నాకంటగట్టి పెట్టెతో కబుర్లు" అని మూతి ముడుచుకుంటూనే తెర ముందు నిలబడింది.

"అమ్మా, పైన చప్పుళ్ళు చేసి మీ కోడలికి జవాబులు చెప్పారా?"

"నాకు సంతకమే రాదు నాయనా, వేలిముద్ర. జవాబులే తెలిస్తే నేనే కూర్చుని రాసి ఆ పట్టా నేనే తెచ్చుకోనా? ఈవిడగారికెందుకు చెబుతాను?"

"అయితే ఇంత గోల చేసింది ఈ పిల్లాడేనా?"

"రెండేళ్ళవాడున్న కొంపలో గోల కాక ఇంకేం వినిపిస్తుంది బాబూ?"

పర్యవేక్షకుడు రికార్డింగు వెనక్కి తిప్పి, పైన పడిన దెబ్బల్నీ ఆమె పెట్టిన గుర్తుల్నీ పోల్చి చూడటం మొదలుపెట్టాడు. ఆ ధబ్ ధబ్‌లు మళ్ళీ గదంతా వినిపిస్తుంటే ఆమె చేతులు నలుపుకుంటూ కూర్చుంది. ఈసారి తల పైకెత్తడానికి కూడా ధైర్యం చాలలేదు.

"ఎక్కడా పొంతన లేదు" అన్నాడు చివరికి. "ఒకచోట ఆగకుండా ఏడెనిమిది దెబ్బలు పడ్డాయి. ఒక్కో ప్రశ్నకి ఉన్నవేమో నాలుగే జవాబులు." ఈసారి బాహాటంగానే నవ్వాడు. "పైనుంచి ఎలాంటి సాయమూ అందలేదని రాసేస్తున్నాను. మార్కులు కూడా ఇక్కడ తెర మీద వచ్చేశాయి, మీరు పాసయ్యారు మేడమ్. బాబుకి నా ముద్దులు."

గుండెల మీంచి బండ దించినట్టయింది ఆమెకు. కంప్యూటరు మూసేసి, ఏడుపూ నవ్వూ కలిసిపోతుంటే పిల్లాణ్ణి అత్తగారి భుజం మీంచి అందుకుంది. వెచ్చగా ఉన్నాడు. ఒక బుగ్గ మీద దిండు అంచు అచ్చుపడి ఉంది.

"గెంతి గెంతి ఇప్పుడే సోలిపోయినట్టున్నాడు, నా బంగారు కొండ. ఈ పూట నన్ను గట్టెక్కించావురా" అంది వాడి నుదురు ముద్దుపెట్టుకుని.

అత్తగారు కుర్చీలో కూలబడింది. "ఆ పెట్టె సరిగ్గా మూశావా? ఆ పరీక్షలాయనకి మన మాటలు వినిపించవుగా?"

"మూశాను అత్తయ్యా. ఏం?"

ఆవిడ మూలుగుతూ కాలు ముందుకు చాపింది. మడమ ఎర్రగా కందిపోయి ఉంది.

"వాడెక్కడ గెంతాడే, నువ్వు కూర్చున్న కాసేపటికే నిద్రపోయాడు. చప్పుడాగితే మళ్ళీ మెట్లెక్కి వచ్చేస్తావని, ఈ వయసులో నేనే గెంతాల్సొచ్చింది."