రాజుగారి పక్కన చోటు

తన పామాయిల్ తోట షెడ్డులో కుర్చీలో వాలి, "వస్తున్నా ప్రభూ" అని ఫోనులో మెసేజ్ కొట్టాడు ఉదయ్ భాస్కర్. ఆన్‌లైన్‌లో ఆడే రాజ్యాల ఆటలో తనకు సేనాపతి పదవిచ్చిన రాజెవరో అతనికి తెలియదు.

అప్పుడే షెడ్డు వెనక ఏదో ఫోను టింగుమంది. వెళ్లి చూస్తే గెలలు కోసే గణేష్.

"ఏందిరా, పని లేదా?"

గణేష్ ఉలిక్కిపడి లేచాడు. అతని ఫోనులో కిరీటం బొమ్మ, దాని కింద "వస్తున్నా ప్రభూ".

"రాజువి నువ్వా? సేనాపతి నేనని తెల్వదా?"

"మొదట్నుంచీ ఎరికే దొరా. తప్పైంది."

పదవిచ్చిన రోజు రాజు రాసిన మాట ఉదయ్‌కి గుర్తొచ్చింది. "దండాలొద్దు, నా పక్కన కూచో."

"లోపలికి రా గణేష్, కూచో," అన్నాడు తల దించుకుని.

గణేష్ వచ్చి, కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆ షెడ్డులో రెండో కుర్చీ వేయాలని ఉదయ్‌కి ఏనాడూ తోచలేదు.