మాటల వైపు పాకే తీగ

అనకాపల్లిలో ఏసీలు పోయి, ఇంటింటికీ చలువతీగ వచ్చిన రోజులవి. మనిషి మాట ఎటు వినిపిస్తే అటు పాకడం దాని గుణం. పైడితల్లి ఇంట్లో అది కిటికీలోంచి దూరి పొయ్యి దాకా వచ్చేసింది.

"కోస్తే రెట్టింపైపోద్ది తల్లీ. మూడ్రోజులు ఇంట్లో నోరెత్తకండి, అదే పోద్ది," అన్నాడు తీగలు తీసే మనిషి.

భర్త సింహాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడ్రోజులే! మా ఆవిడ వల్ల మూడు నిమిషాలు కూడా అవ్వదు!"

పైడితల్లికి ఒళ్ళు మండింది. "ఇంట్లోనే కదేటి మాటాడకూడదు!" అంటూ కత్తిపీటా వంకాయలూ పట్టుకుని మేడెక్కి, వీధిలోని ఆడవాళ్ళందరినీ పైకి పిలిచింది. ఇక కబుర్లే కబుర్లు.

మూడోనాటికి తీగ వంటిల్లు వదిలి, గోడ వెంట పాకి, వాళ్ళ తలల మీద పందిరిలా అల్లుకుంది. దాని వెనకే, ఇంట్లో నిశ్శబ్దం భరించలేక, సింహాద్రి కూడా మెట్లెక్కి వచ్చాడు.