సగం అద్దె ఊరు

"కాసాబ్లాంకాలో కట్టే అద్దెలో సగానికే ఇక్కడ పెరటితో సహా ఇల్లొస్తోంది. ఇంకా ఏం ఆలోచిస్తున్నావయ్యా?" అంది భార్య, ఆలివ్ తోటల నడుమ ఉన్న ఆ ఖాళీ ఇంటి గుమ్మంలో నిలబడి.

"పెద్దాసుపత్రి దూరం. పనీ దొరకదు," అన్నాడు బెన్నాసర్.

"నీ కుట్టుమిషను ఎక్కడైనా తిరుగుతుంది. ఆసుపత్రికి బస్సుంది. పైగా నువ్వు పుట్టిన ఊరేగా, కొత్తేముంది?"



అంతలో పక్కింటి ముసలామె పుదీనా టీకి పిలిచింది. వయసు మీద పడి కాలం మరిచిన మనిషి. గ్లాసు అందిస్తూ బెన్నాసర్ ముఖం తడిమి చూసింది.

"మీలూద్! కాలవలోంచి ఎప్పుడొచ్చావురా నాయనా? నువ్వు సంతకెళ్లావని మీ అన్న బెన్నాసర్ చెప్పాడు. అందుకే ఆ పూటంతా ఎవరమూ నీళ్లలో వెతకలేదు."

భార్య నవ్వబోయి ఆగిపోయింది. తనకు తోబుట్టువులే లేరని పన్నెండేళ్లుగా చెబుతున్నాడు మొగుడు.

"వాడెందుకట్లా చెప్పాడురా?" అంది ముసలామె, అతని చెయ్యి వదలకుండా.

బెన్నాసర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"దెబ్బలు పడతాయని భయపడ్డాడు పెద్దమ్మా," అన్నాడు, తమ్ముడే తానైనట్టు. "ఆటకని నన్ను కాలవలోకి తోసింది వాడే."