నాన్న వైసు

తండ్రి పోయాక సైదా ఆయన కొట్లో సామాను బిగించి పట్టే ఇనప వైసుకి కిరసనాయిలు పోసి తుప్పంతా వదలగొట్టాడు. దవడలకున్న రాగి రేకులు పీకి, "వీటితో ఏం పట్టుద్ది!" అని నవ్వాడు. పోయినవాళ్ళని వెక్కిరించడం తేలికే, వాళ్ళు తిరిగి తిట్టరు.

పీర్ల పండగ ఊరేగింపు పూట, పీరుని ఎత్తే పేరయ్య పీరు కొసనుండే వెండి పంజా వంగిందని తెచ్చాడు. "ఏటా మీ నాన్నే సరిచేసేవాడు. ఇక నువ్వే, అబ్బాయ్."

సైదా పంజాని వైసులో బిగించి సరిచేశాడు. విప్పితే వెండి మీద ఇనప పళ్ళ గాట్లు. మెత్తటి రాగి ఎందుకో అప్పుడు తెలిసింది.

వాకిట్లో జనం అడిగారు: "ఏంటా గాట్లు?"

"నేనే రాళ్ళమీద పడేశా. సైదా ఈ మాత్రం బాగుచేశాడు," అన్నాడు పేరయ్య.

పీరుని పడేసినందుకు జనం పేరయ్యని నానా తిట్లూ తిట్టారు. "తండ్రిని మించావురా!" అంటూ సైదా భుజం తట్టారు.