గాలికి పడని ఏంటెనా

గాలివాన తెరిపి ఇవ్వగానే నా చేతిలోని రేడియో గరగరమంది. ఆ వెంటనే మా కూతురు ఆరాధన గొంతు పలికింది.

కడప రోడ్డు మీద పోయే బండ్లకు ముందున్న అడ్డంకులేమిటో చెప్పే చిన్న రేడియో స్టేషనులో దానికి ఉద్యోగం. అక్కడి ఏంటెనా రెండుసార్లు గాలికి కూలింది. మూడోసారి మా పాపే దగ్గరుండి, జొన్నదంటు మాదిరి వంగి మళ్లీ లేచేలా కట్టించింది. ఇదీ పడితే స్టేషను మూసేస్తామన్నారు పైవాళ్లు.

పడలేదు. దేవునికి స్తోత్రం, పడనే లేదు.

నా కాళ్లు ఇంట్లో నిలవలేదు. రోడ్డెక్కి, వచ్చిన లారీనల్లా చేతులు అడ్డంపెట్టి ఆపాను.

"రేడియో పెట్టప్పా. మా పాప మాట్లాడతాండాది."

"యాడన్నా చెట్టు పడిందా, పెద్దాయనా?" అన్నాడు మొదటి లారీ డ్రైవరు.

"చెట్లు శానా పడినాయి. ఏంటెనా పడలేదు."

అతను నన్ను ఎగాదిగా చూసి, సెల్లు తీసి రేడియో స్టేషనుకు ఫోను చేశాడు. వెనక లారీలు వంతెన దాకా నిలిచిపోయాయి. కాసేపటికి అన్ని లారీల్లోనూ ఒకే గొంతు పలికింది.

"వాహనదారులకు గమనిక. చాగలమర్రి దాటాక ఒక ముసలాయన రోడ్డు మధ్యలో నిలబడి లారీలు ఆపుతున్నారు. నెమ్మదిగా రండి."

మళ్లీ అదే గొంతు.

"నాయనా, పక్కకు జరుగు."

నేను డ్రైవరు వైపు తిరిగాను.

"చూసినావాప్పా, ఎంత తేటగా వినపడతాండాదో."