అంటుకునే జబ్బు కాదు

కోడలు మళ్ళీ గది తలుపు దగ్గరికి వేసేసింది. అవతల రెండేళ్ల మనవడు “తాతా” అంటూ తలుపు గుద్దుతున్నాడు. ఇవతల అద్దాల వ్యాపారి మంచం మీద కూర్చుని, తనకని విడిగా పెట్టిన కంచం వంకా, విడిగా ఆరేసిన తువ్వాలు వంకా చూస్తున్నాడు.

ముప్పై ఏళ్లుగా గాజులో చిన్న బుడగ కనిపించినా సరుకు తిప్పి పంపిన మనిషి. ఇప్పుడు తన ఒంటి మీదే బుడగలు లేచాయి. ఇంట్లో తనే తిప్పి పంపే సరుకైపోయాడు.

మూడు నెలల కిందట ఒళ్ళంతా నీటిబొబ్బలు వచ్చినప్పుడు డాక్టరమ్మ విషయం విడమరిచి చెప్పింది. ఒంట్లో ఉండే కాపలావాడే సొంత చర్మాన్ని దొంగనుకుని కొడుతున్నాడట. మందు ఎక్కించి వాణ్ణి కొన్నాళ్ళు నిద్రపుచ్చాలట. వ్యాపారి ఒక్కటే అడిగాడు.

“ఇది నా నుంచి ఎవరికైనా అంటుకుంటుందా?”

అంటుకోదని ఆవిడ చెప్పగానే బేరం కుదిరినవాడిలా లేచి వచ్చేశాడు. మిగతా జాగ్రత్తలన్నీ కోడలే కూర్చుని వింది.

ఆనాటి నుంచి వైద్యాన్ని కొట్టు తెరిచినంత నియమంగా పాటించాడు. బొబ్బ చిదమొద్దంటే చిదమలేదు, మాత్ర మానొద్దంటే మానలేదు. రోజూ పొద్దున్నే కొత్త బొబ్బలు లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసేవాడు. నలభై ఉన్నవి మూడుకి దిగాయి.

దిగనిది కోడలి బెరుకే. పుళ్ళకి మందు తనే రాసేది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ మూతికి గుడ్డ కట్టుకునేది, మోచేతుల దాకా సబ్బుతో తోముకునేది. పిల్లాణ్ణి ఆటల బడిలో వేశాక మరీ ఎక్కువైంది. వాడు ముక్కు కార్చుకుంటూ తిన్నగా తాత గదికే పరిగెత్తేవాడు, ఆమె గుమ్మంలోనే ఎత్తుకుపోయేది. ఒకసారి వ్యాపారి ఉండబట్టలేక అడిగేశాడు.

“డాక్టరమ్మగారు ఏం చెప్పారంటే, మామయ్యగారూ...” అని మొదలుపెట్టింది.

“నేనూ విన్నానమ్మాయ్. నా చెవుల్లో బొబ్బల్లేవు.”

ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే వ్యాపారి తేల్చుకున్నాడు. నలభైని మూడుకి దించినవాడికి ఈ ఒక్క తలుపు ఓ లెక్కా? మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. వీపు మీది బొబ్బలు డాక్టరమ్మ చూడబోతే వద్దన్నాడు.

“బొబ్బల సంగతి తర్వాతమ్మా. నా జబ్బు అంటుకోదని ముందు ఈ పిల్లకి మీ నోటితో చెప్పండి.”

“అంటుకోదు. ఆ సంగతి తనకి మొదటిరోజే తెలుసు.”

వ్యాపారి మొహం మాడిపోయింది. కోడలివైపు తిరిగాడు.

“తెలిసి కూడా మనవణ్ణి నా ఒళ్ళోకి రానివ్వలేదా?”

కోడలు తల వంచుకుంది. డాక్టరమ్మే జవాబు చెప్పింది.

“రానివ్వొద్దని చెప్పింది నేనే.”

“అంటుకోదంటారు, రానివ్వొద్దంటారు. ఒక సరుక్కి రెండు ధరలేమిటమ్మా?”

“మీ నుంచి బయటికి పోయేదొక్కటే అడిగి ఆ రోజు లేచి వెళ్ళిపోయారు మీరు.”

వ్యాపారికి అర్థం కాలేదు. కోడలు మెల్లగా తలెత్తింది.

“వాడి జలుబు మీకు అంటకూడదని, మామయ్యగారూ.”