సీసా మీద గీతలు

"ఇవాళైనా ముప్పై గీత దాటాలి వదినా," అన్నాను పాలు తీసే పంపు అందిస్తూ. నెలలు నిండకుండా పుట్టిన పాప ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. రోజూ ఇంటి నుంచి పాలు పంపాలి.

నేను చదివేది జంతుశాస్త్రం. పక్కనే కూర్చుని పుస్తకం తీసేదాన్ని. "ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పాలను తయారుచేస్తుంది. ఆక్సిటోసిన్ బయటికి తోస్తుంది. కంగారుపడితే అది ఆగిపోతుంది. కంగారుపడకు." చెబుతూనే గీతలు చూసేదాన్ని. పాలు పది దాటేవి కావు.

"నా పాలకి చదువెక్కదులే," అని నవ్వేది వదిన. కళ్లు మాత్రం సీసా మీదే ఉండేవి.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. పేజీ నిండా రాసి, ఆ సంగతి చెబుదామని పరుగున ఇంటికొచ్చాను. తలుపు ఓరగా ఉంది. వదిన ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతోంది.

"సీసా నిండిందమ్మా! ఇవాళ మా ఆడపడుచు ఇంట్లో లేదుగా. పాపం మంచిదే. కానీ తను గీతలు చూస్తూ కూర్చుంటే నాకు గుండెదడ."

చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి మెట్లు దిగాను. పాలకు అడ్డుపడేవి ఏవంటే భయం, నొప్పి, అలసట అని రాసి వచ్చాను. నన్ను రాయలేదు.